కరెంటు పెట్టాక కూడా మాత్రలెందుకు డాక్టర్ గారూ?

పోయిన నెల డిప్రెషన్ మాత్రల గురించి రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘షాక్ ట్రీట్‌మెంట్’ మీదే వచ్చాయి, అదే డాక్టర్లు ఈసీటీ అనే కరెంటు వైద్యం. సరే, ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేద్దాం. ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. ఎనిమిది నెలలుగా డిప్రెషన్. మొదట ఎస్సిటాలోప్రామ్ ఇచ్చారు, తర్వాత వెన్లాఫాక్సిన్‌కి మార్చారు, రాత్రిళ్లు క్లోనజెపామ్ వేసుకుంటారు. నెల రోజులుగా అన్నం సరిగా ముట్టడం లేదు. ‘మనం దివాలా తీశాం, ఇల్లు జప్తు చేస్తారు, అంతా నా పాపమే’ అని పొద్దస్తమానం అదే మాట. నిజానికి మాకు పైసా అప్పు లేదు. డాక్టర్ గారు ఈసీటీ చేయాలి, మాత్రలు కూడా ఆపకూడదు అన్నారు. మాత్రలు పని చేయలేదనే కదా కరెంటు పెట్టేది, మళ్లీ మాత్రలెందుకు? రెండూ కలిస్తే మెదడుకి ఏమన్నా అవుతుందా? మా మరిది ‘అన్నయ్యని చంపుతారా’ అని గొడవ చేస్తున్నాడు.
(ఒక గృహిణి, పల్నాడు జిల్లా)

జవాబు: అమ్మా, ముందు మీ మరిదిగారి సంగతి చూద్దాం, ఆయన అడ్డం పడితే మిగతాదంతా చెప్పి లాభం లేదు. ఆయన మనసులో ఉన్నది పాత సినిమాల సీను. నలుగురు పట్టుకుని మంచానికి కట్టేసి, మెలకువగా ఉన్న మనిషికి తల మీద కరెంటు పెట్టడం. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీని అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని మొదలుపెట్టినప్పుడు మత్తు లేకుండానే చేశారు. మన దగ్గర కూడా చాలా ఏళ్లు అలా నడిచింది, అందులో దాచేదేం లేదు. ఇప్పుడు కుదరదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు వదులు చేసే మందు లేకుండా ఈసీటీ చేయడం నిషేధం.

ఇప్పుడు జరిగేది ఇది. పొద్దున్నే పరగడుపున లోపలికి తీసుకెళ్తారు. మత్తు డాక్టర్ థయోపెంటోన్ గానీ ప్రొపోఫాల్ గానీ ఎక్కిస్తారు, నిద్రలోకి జారాక కండరాలు వదులయ్యే ఇంజెక్షన్ ఇస్తారు, మాస్కుతో ఆక్సిజన్ పెడతారు, నాలుక కొరుక్కోకుండా పళ్ల మధ్య మెత్తటి రబ్బరు ముక్క ఉంచుతారు. కరెంటు కొన్ని సెకన్లే. దాంతో మెదడులో ఫిట్స్ వస్తుంది, అసలు వైద్యం ఆ ఫిట్సే, కరెంటు దాన్ని తెప్పించడానికి మాత్రమే. ఒళ్లంతా ఎగిరెగిరి పడటం ఉండదు. చాలాచోట్ల ఒక కాలికి చీలమండ పైన బీపీ పట్టీ బిగిస్తారు, కండరాలు వదులు చేసే మందు ఆ పాదంలోకి దిగకుండా. ఫిట్స్ ఎంతసేపు ఉందో ఆ పాదం కదలడాన్ని బట్టి టైము చూసి రాసుకుంటారు. ఎక్కువగా అర నిమిషం, నిమిషం మధ్య. ఆ తర్వాత కాసేపటికే పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు. ప్రాణానికి ముప్పు అంటారా, లక్షసార్లు ఈసీటీ చేస్తే రెండు మరణాల దరిదాపుల్లో ఉంది లెక్క. మీ మరిదిగారిని కూడా మత్తు డాక్టర్‌తో ఒకసారి మాట్లాడమనండి, గుండె పరీక్షలు ఏం చేశారో చూపిస్తారు.

ఇంకోమాట. లేని అప్పు ఉందని, ఇల్లు పోతుందని గట్టిగా నమ్మడం, తిండి మానేయడం మామూలు దిగులు కాదు, డిప్రెషన్‌లోనే తీవ్రమైన రకం. ఈ రకానికి ఈసీటీ బాగా పని చేస్తుంది, డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే అంతగా పని చేయదు. తిండి మానేసిన మనిషికి మాత్ర మార్చి మళ్లీ నాలుగైదు వారాలు చూద్దాం అనే తీరిక ఉండదు కదా. మీ డాక్టర్ తొందరపడ్డారని నేననుకోవడం లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. అది తెలివితక్కువ ప్రశ్న కాదు, మా డాక్టర్లు కూడా చాలా కాలం దాని మీద కొట్టుకున్నారు. ఒకప్పుడు ఈసీటీ మొదలుపెట్టే ముందు మాత్రలన్నీ ఆపేయడమే పద్ధతిగా ఉండేది. ఎటూ పని చేయని మాత్ర, పైగా పాత రకం మాత్రలతో గుండె లయ తప్పుతుందేమోనన్న భయం. 2009లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి: ఈసీటీ చేస్తూనే కొందరికి నార్ట్రిప్టిలిన్ అనే పాత రకం డిప్రెషన్ మాత్ర, కొందరికి వెన్లాఫాక్సిన్, ఇంకొందరికి మందు లేని ఉత్తి బిళ్ల ఇచ్చి చూశారు. నార్ట్రిప్టిలిన్ వేసుకున్నవాళ్లలో పూర్తిగా కోలుకున్నవాళ్లు, ఉత్తి బిళ్ల వాళ్లకన్నా నూటికి 15 మంది దాకా ఎక్కువ. మతిమరుపు కూడా వాళ్లలోనే తక్కువ. వెన్లాఫాక్సిన్ వాళ్లకి కూడా కొంత లాభం కనిపించింది గానీ జ్ఞాపకం విషయంలో కాస్త వెనకబడ్డారు. అంటే రెండూ కలిస్తే మెదడు పాడవడం అటుంచి, సరైన మాత్ర పక్కన ఉంటే ఈసీటీకి కొంచెం బలం వస్తుంది.

కానీ నన్నడిగితే ఆ లాభం చిన్నది, అసలు కారణం వేరే ఉంది. ఈసీటీ ఎంత వేగంగా లేపుతుందో, ఆపేశాక దాని ప్రభావం అంత త్వరగా తగ్గిపోతుంది. రెండు మూడు వారాల్లో మనిషి లేచి కూర్చుంటాడు, టీ అడుగుతాడు, పేపర్ చదువుతాడు, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుని దేవుడి మొక్కులు తీర్చే పనిలో పడతారు. మాత్ర మొదలుపెట్టింది చివరి ఈసీటీ అయ్యాక అయితే, అది పట్టుకోవడానికి ఇంకో మూడు నాలుగు వారాలు కావాలి. జబ్బు తిరగబెట్టేది సరిగ్గా ఆ ఖాళీలోనే. అందుకే ముందు నుంచీ మాత్ర నడుస్తుంటే ఈసీటీలు అయిపోయేసరికి అది పని మొదలుపెట్టి ఉంటుంది.

మరి ‘పని చేయని మాత్రే’ కదా అంటారా? ఇక్కడ మీరు డాక్టర్‌ని ఒక మాట అడగాలి: అదే మాత్ర సాగిస్తారా, మారుస్తారా? వెన్లాఫాక్సిన్ ఏ డోసులో, ఎన్నాళ్లు వాడారో మీరు రాయలేదు. 75 మిల్లీగ్రాములు మూడు వారాలు వాడి ‘పని చేయలేదు’ అన్నవాళ్లు నా దగ్గరికి తెగ వస్తుంటారు, అది పని చేయకపోవడం కాదు, పని చేసే అవకాశం ఇవ్వకపోవడం. పూర్తి డోసులో ఆరేడు వారాలు వాడినా కదలికే లేదంటే మాత్రం, ఈసీటీ తర్వాత నిలబెట్టడానికి అదే మాత్రని నమ్ముకోవడం నాకిష్టం లేదు, వేరే రకానికి మార్చడమో, మూడ్‌ని నిలకడగా ఉంచే లిథియం కలపడమో చేస్తాను. మీవారికున్న ఆ నమ్మకాలకి భ్రమలు తగ్గించే ఓలాంజపైన్ లాంటి మందు కూడా అవసరం పడొచ్చు. ఏదైనా సరే మీరంతట మీరు ఆపొద్దు, వెన్లాఫాక్సిన్ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం, తలలో జివ్వుమని కొట్టినట్టుండటం లాంటివి వస్తాయి, అప్పుడు దాన్నీ ఈసీటీ ఖాతాలో వేస్తారు మీ మరిదిగారు.

ఈసీటీకి నిజంగా అడ్డం పడేది డిప్రెషన్ మాత్ర కాదమ్మా, రాత్రిపూట వేసుకునే ఆ క్లోనజెపామ్. అది ఫిట్స్ రాకుండా ఆపే మందు. ఒక చేత్తో ఫిట్స్ తెప్పించాలని చూస్తూ ఇంకో చేత్తో ఆపే మందు ఇవ్వడం ఏం పద్ధతి? దాంతో కరెంటు మోతాదు పెంచాల్సి వస్తుంది, ఫిట్స్ సరిగా రాదు, ఎన్ని సార్లు చేసినా గుణం అంతంతమాత్రం. కానీ నెలల తరబడి వాడుతున్నదాన్ని గబుక్కున మానేసినా ప్రమాదమే, నెమ్మదిగా తగ్గిస్తారు, లేదా కనీసం ముందురోజు రాత్రి వేయొద్దంటారు. మందుల షాపులో అడిగిందే తడవు ఇచ్చేస్తారు కాబట్టి చాలా ఇళ్లల్లో దీన్ని మందుగానే లెక్కేయరు, డాక్టర్ అడిగితే చెప్పరు కూడా.

అందుకని ఒక పని చేయండి. ఇంట్లో ఫ్రిజ్ మీదా, దిండు కిందా, చొక్కా జేబులోనూ ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి పట్టుకెళ్లి డాక్టర్ బల్ల మీద కుమ్మరించండి. వేరే డాక్టర్ ఇచ్చినవి, ఆయుర్వేదానివి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి, అన్నీ. ఉబ్బసానికి డెరిఫిల్లిన్ వాడుతుంటే తప్పక చెప్పాలి, అందులో ఉండే థియోఫిల్లిన్ వల్ల ఫిట్స్ ఆగకుండా సాగే ప్రమాదం ఉంది. షుగర్ వల్ల కాళ్లు మండుతున్నాయని ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, తలనొప్పికి ఇచ్చే వాల్‌ప్రోయేట్ క్లోనజెపామ్ లాగే ఫిట్స్‌ని అణిచేవి. నొప్పులకి వాడే ట్రమడాల్, పొగాకు మానడానికి ఇచ్చే బుప్రోపియాన్ ఏమో ఫిట్స్‌ని పెంచేవి. వీటిలో ఏది ఆపాలి, ఏది ఉంచాలి అన్నది డాక్టర్ చూసుకుంటారు, ఉన్నాయన్న సంగతి ఆయనకి తెలియాలి కదా.

ప్రశ్న: మా అమ్మకి ఎనిమిది ఈసీటీలు చేశారు. ఇప్పుడు బంగారంలా ఉంది, బతుకమ్మ కూడా ఆడింది. కానీ డాక్టర్ నార్ట్రిప్టిలిన్‌తో పాటు లిథియం రాశారు, ఏడాది వాడాలట. లిథియం కిడ్నీలు పాడు చేస్తుందని మా చిన్నమ్మ అంటోంది. బాగైపోయాక కూడా ఎందుకు?
(కరీంనగర్ నుంచి ఒక యువకుడు)

జవాబు: బాబూ, మీ అమ్మగారు ఇప్పుడు బంగారంలా ఉన్నారు కాబట్టే. 2001లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క చెప్తాను. ఈసీటీతో పూర్తిగా కోలుకున్నవాళ్లని మూడు గుంపులు చేసి 24 వారాలు గమనించారు. ఉత్తి బిళ్ల ఇచ్చినవాళ్లలో జబ్బు తిరగబెట్టింది నూటికి 84 మందికి. నార్ట్రిప్టిలిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 60. నార్ట్రిప్టిలిన్, లిథియం రెండూ ఇచ్చినవాళ్లలో 39. మీ డాక్టర్ రాసింది సరిగ్గా ఆ మూడో గుంపు మందు. 39 కూడా తక్కువేం కాదు, ఆ మాటా ఒప్పుకుందాం, కానీ 84 పక్కన పెట్టి చూడండి.

కిడ్నీల గురించి మీ చిన్నమ్మ భయపడటంలో తప్పేం లేదు, లిథియం ఏళ్ల తరబడి, రక్త పరీక్షల్లేకుండా వాడితే కిడ్నీకీ థైరాయిడ్‌కీ ఇబ్బందే. పరీక్షలతో వాడితే తేడా ఏదైనా ముందే దొరుకుతుంది. మొదలుపెట్టేముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్ చూస్తారు, తర్వాత రక్తంలో లిథియం ఎంత ఉందో చూస్తారు. ఆ పరీక్షకి రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి, పొద్దుటి మాత్ర వేయకముందు రక్తం ఇవ్వాలి. ల్యాబ్‌కి తొందరగా వెళ్లాలని ఎప్పుడు పడితే అప్పుడు ఇస్తే ఆ నంబర్‌కి అర్థం లేదు. మీ వైపు ఎండలు తెలిసినవే, ఏప్రిల్ మేలో నీళ్లు బాగా తాగించండి, ఉప్పు ఒక్కసారిగా మానిపించొద్దు. వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకూడదు, లిథియం రక్తంలో పేరుకుపోతుంది. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఇంకోటి, మళ్లీ ఎప్పుడైనా ఈసీటీ అవసరమైతే లిథియం వాడుతున్న సంగతి ముందే చెప్పండి. రెండూ కలిసినప్పుడు కొందరిలో అయోమయం ఎక్కువసేపు ఉంటుంది, అందుకని ముందురోజు రాత్రి డోసు ఆపడమో, తగ్గించడమో చేస్తారు. తిరగబెట్టేది ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే కాబట్టి, ఆ ఆరు నెలలూ అమ్మ నిద్ర, తిండి, మాట మీద కన్నేసి ఉంచండి. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చోవడం మొదలైతే వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మాత్రలతో నిలబడనివాళ్లకి వారానికొకసారి, తర్వాత నెలకొకసారి ఈసీటీ ఇస్తూ పోయే పద్ధతి కూడా ఉంది, మాత్రలతో కలిపే.

ప్రశ్న: నేను టీచర్‌ని. వేసవి సెలవుల్లో నాకు ఈసీటీ చేశారు. డిప్రెషన్ తగ్గింది గానీ, మా మేనకోడలి పెళ్లికి వెళ్లిన సంగతే గుర్తు లేదు, ఫొటోల్లో నేను ఉన్నాను! మాత్రల వల్లా, కరెంటు వల్లా?
(అనకాపల్లి)

జవాబు: ఎక్కువ భాగం ఈసీటీ వల్లే అమ్మా. మాత్రల మీదికి నెట్టేసి ‘ఏం కాదు, అంతా వచ్చేస్తుంది’ అని నేను చెప్పను, మా వాళ్లు కొందరు అలా చెప్పడం వల్లే రోగులకి మా మీద నమ్మకం పోతోంది. రెండు రకాల మతిమరుపు ఉంది. కొత్త విషయాలు పట్టకపోవడం, స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోవడం లాంటివి మామూలుగా కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. ఈసీటీ జరిగిన రోజులవి, దానికి ముందు కొన్ని వారాలు, నెలలవి మాత్రం కొన్ని ఖాళీలుగానే మిగిలిపోవచ్చు. మీ మేనకోడలి పెళ్లి ఆ రోజుల్లోనే జరిగి ఉంటే అది తిరిగి రాకపోవచ్చు. పాఠం చెప్పే సామర్థ్యం, చదువుకున్న చదువు పోవు. తలకి రెండు వైపులా పెట్టి చేస్తే మతిమరుపు ఎక్కువ, కుడివైపు మాత్రమే పెట్టి చేస్తే తక్కువ. మీకెలా చేశారో డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఇంకా క్లోనజెపామ్ లాంటివి వాడుతుంటే అవి కూడా తోడవుతాయి, డిప్రెషన్ పూర్తిగా తగ్గకపోయినా ఏకాగ్రత ఉండదు. స్కూలు తెరిచాక మొదటి నెల టైంటేబుల్ బరువైనవి తీసుకోకుండా హెడ్‌మాస్టర్ గారిని అడగండి. కారణం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇండియాలో నాన్నకి ఈసీటీ అంటున్నారు. ఇక్కడంతా డిప్రెషన్‌కి కెటామిన్ అనే మత్తుమందు ఇస్తున్నారు, అది చేయించకూడదా?
(ఒక పాఠకురాలు)

జవాబు: మీరుండే దేశంలోనే 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో కెటామిన్ ఈసీటీకి తీసిపోలేదు, స్పందించినవాళ్లు కెటామిన్‌తో నూటికి 55, ఈసీటీతో 41. కానీ అందులో లేని అప్పులు ఉన్నాయనుకునేలాంటి భ్రమలున్నవాళ్లని చేర్చుకోలేదు. అంతకుముందు ఏడాది స్వీడన్‌లో చేసినదాంట్లో ఈసీటీదే పైచేయి, పూర్తిగా కోలుకున్నవాళ్లు ఈసీటీతో నూటికి 63, కెటామిన్‌తో 46. నాన్నగారి వయసు, భ్రమలున్నాయా, తిండి తింటున్నారా అనేవి రాయకుండా నేను ఇటో అటో చెప్పలేను. వయసు పైబడినవాళ్లలో, భ్రమలున్నవాళ్లలో ఈసీటీ బాగా పని చేస్తుందని మాత్రం చెప్పగలను. వాట్సాప్‌లో లింకులు పంపే బదులు నాన్నగారిని చూస్తున్న డాక్టర్‌తో వీడియో కాల్‌లో ఒక అరగంట మాట్లాడండి.

ప్రశ్న: మా అబ్బాయికి 17. వాడికి ఇష్టం లేకుండా, మాకు చెప్పకుండా ఎమర్జెన్సీ అని ఈసీటీ చేసేయొచ్చా?

జవాబు: చేయకూడదు. ఎమర్జెన్సీ వైద్యం పేరుతో ఈసీటీ చేయడానికి 2017 చట్టం ఒప్పుకోదు. 18 నిండనివాళ్లకి మామూలుగా అయితే నిషేధం. తప్పదని డాక్టర్ అనుకుంటే అన్నీ వివరించాక తల్లిదండ్రులు ఇచ్చే అంగీకారంతో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కావాలి.

పేరూ ఊరూ లేకుండా ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది, ‘మాత్రలు, కరెంటు అన్నీ అయ్యాయి, ఇక ఓపిక లేదు’ అని. మీరు ఇది చదువుతుంటే, వచ్చే నెల నా జవాబు కోసం చూడొద్దు. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. ఈ రాత్రి ఒంటరిగా పడుకోకండి. ఇంట్లో ఎవరో ఒకరికి ఆ ఉత్తరంలో రాసిన మాటే రాసినట్టు చెప్పండి, మాత్రల డబ్బా వాళ్ల చేతికివ్వండి, పురుగుమందు ఉంటే తాళం వేయించండి. ‘అన్నీ అయ్యాయి’ అన్నారు గానీ, ఈసీటీ తర్వాత ఏ మాత్ర ఎన్నాళ్లు నడిచింది, లిథియం కలిపారా, ఈసీటీని మధ్యలో ఆపేశారా అన్నవి చూస్తే ఇంకా చేయనివి చాలా మిగిలే ఉంటాయి. రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లి అవి అడగండి, తోడు ఎవరినైనా తీసుకెళ్లండి.

ప్రశ్న: ఈసీటీ రోజు పొద్దున బీపీ మాత్ర, షుగర్ మాత్ర, డిప్రెషన్ మాత్ర వేసుకోవాలా? పరగడుపున రమ్మన్నారు కదా.
(తెనాలి)

జవాబు: బీపీ మాత్ర చాలామందికి వేసుకోమనే చెప్తారు, ఒక్క గుక్క నీళ్లతో, ఎందుకంటే ఫిట్స్ వచ్చిన ఆ నిమిషంలో బీపీ ఎగబాకుతుంది. షుగర్ మాత్ర, ఇన్సులిన్ ఏమీ తినకుండా వేసుకుంటే షుగర్ పడిపోతుంది కాబట్టి ఆపి, ఈసీటీ అయ్యి టిఫిన్ తిన్నాక ఎలా వేసుకోవాలో అడగండి. డిప్రెషన్ మాత్ర కూడా టిఫిన్ తర్వాతే, మర్చిపోకుండా. రాత్రి భోజనం తర్వాత ఘన పదార్థం ఏదీ వద్దు, పొద్దున్నే అలవాటైన టీ కూడా వద్దు, ‘పాలు తక్కువే వేశాను’ అన్నా మత్తు డాక్టర్ ఆ రోజుకి వెనక్కి పంపేస్తారు. కట్టుడు పళ్లుంటే తీసేసి రండి. తిరిగి వెళ్లేటప్పుడు బండి మీరు నడపొద్దు.